నేల విడుచు ముహూర్తము



మా గుండ్లపోచంపల్లి రెండు విమానక్షేత్రముల నడుమ నున్న ఊరు. వాయవ్యమున దుండిగల్లులో వైమానికదళ విద్యాలయము కలదు. దానికి 1967వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు శంకుస్థాపన చేసిరి. 1971లో అది ఆరంభమైనది. తూర్పువైపున హకీంపేట వైమానిక స్థావరము కలదు. సూటిగా కొలిచిన రెండును మా ఊరికి పది కిలోమీటర్లకు లోపలనే. ఆకాశమున విమానధ్వని వినబడని దినము మాకు అరుదు. నేను బడిలో పాఠము చెప్పిన దినములలో తలపై విమానము పోవునప్పుడు పిల్లల చూపులన్నియు కిటికీలవైపు పరుగెత్తెడివి. చూచుటలో తప్పులేదు. కాని చూచువానికిని, ఎగురువానికిని, క్రింద చెలకలో పనిచేయువానికిని క్షేమమేది అను విచారము పెద్దలకు ఉండవలెను. ఆ విచారమే నేటి ప్రసంగము.

ఇందుకు నేను యంత్రముగల పెద్ద విమానమును గాక యంత్రములేని చిన్న విమానమును విషయముగా గ్రహించితిని. దీనిని గ్లైడరు అందురు. సంధిపాఠము చెప్పువాడు మొదట పెద్ద సమాసమును పట్టుకొనడు. రెండు చిన్న పదములు తీసికొని వాని కలయికను చూపును. అట్లే విమానము నేల విడుచునప్పటి ప్రమాదము గ్లైడరునందు మిక్కిలి తేటగా కనబడును. ఇక్కడ తెలిసినది తక్కిన విమానములకును చాలవరకు వర్తించును.

గ్లైడరునకు రెక్కలు పొడవు, మేను తేలిక. దానికి ముందునకు లాగు యంత్రము లేదు. ఒకసారి ఎత్తునకు చేరిన పిదప అది గాలిలో మెల్లమెల్లగా జారుచుండును. చుట్టునున్న గాలియే పైకి పోవుచున్న చోటు దొరికినచో దానితోపాటు తానును పైకి పోవును. ఎండకాలపు మధ్యాహ్నమున మన చెలకలపై గద్ద రెక్క ఆడింపక చుట్టుచుట్టు తిరుగుచు చుక్కవలె చిన్నదగువరకు పైకి పోవుట మీరందరు చూచినదే. ఎండకు కాగిన నేలనుండి లేచు వేడిగాలియే దానికి నిచ్చెన. గ్లైడరునకును అదియే నిచ్చెన.

ఈ విద్య మన దేశమునకు కొత్త కాదు. మన పౌరవిమానయాన శాఖవారు స్వయముగా గ్లైడర్లను రూపొందించి వానికి నక్షత్రముల పేర్లు పెట్టిరి. 1958లో అశ్విని ఎగిరినది, 1961లో రోహిణి ఎగిరినది. మృగశిర, ఆర్ద్ర అనునవియు తరువాత వచ్చినవి. పంచాంగము చూచు మనకు ఈ పేర్లు వినసొంపుగానే యుండును. 1950లో ఏర్పడిన నేషనల్ కేడెట్ కోరు వైమానిక విభాగమున ఎందరో బాలబాలికలు గ్లైడర్లపైననే ఆకాశపు ఓనమాలు దిద్దిరి. పిమ్మట చిన్న యంత్రముగల మైక్రోలైటు విమానములు ఆ విభాగమునకు వచ్చినవి. రేపు మన గ్రామమునుండియు ఒక బాలుడో బాలికయో ఈ విద్యకు పోవచ్చును. కనుక ఇది మన ఇంటి సంగతియే.

యంత్రము లేనిది నేల నెట్లు విడుచును? ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. మొదటిది మోకుతో లాగుట. మైదానము ఒక కొసను వించి అనెడి యంత్రము నిలుపుదురు. అది పెద్ద రాట్నము వంటిది. దానినుండి సుమారు ఒక కిలోమీటరు పొడవుగల ఉక్కుమోకునో, కృత్రిమపు నారతో పేనిన మోకునో రెండవ కొసవరకు పరచి గ్లైడరునకు తగిలింతురు. రాట్నము తిరుగగానే మోకు చుట్టుకొనును. గ్లైడరు గాలిపటమువలె నిటారుగా పైకి లేచును. మూడు నాలుగు వందల మీటర్లు చేరినపిదప నడుపువాడు కొక్కెమును విడిచిపెట్టును. రెండవది యంత్రముగల మరియొక విమానమునకు సుమారు 50 మీటర్ల తాడు కట్టి దాని వెనుక ఎగురుట.

ప్రమాదములన్నిటిలో పెక్కు ఘోరమైనవి ఈ ఆరంభముననే కలుగుటకు కారణమేమి? దీనిని గ్రహించుటకు రెండు మాటలు తెలిసియుండవలెను. ఒకటి వేగము, రెండవది ఎత్తు.

రెక్క విమానమును మోయుట గాలి దానిపై వేగముగా పారుటవలననే. పారుచున్న గాలికి రెక్క కొద్దిగా ఏటవాలుగా నున్నంతవరకు గాలి దానిని అంటియే పారును. ముక్కును అతిగా పైకెత్తినచో గాలి రెక్కను అంటక చెదరిపోవును. రెక్క మోయుట మానును. దీనిని స్టాల్ అందురు. ఒక రెక్క ముందు మోయుట మానినచో విమానము ఆ వైపునకు తిరగబడి గిరగిర తిరుగుచు క్రిందికి పడును. ఎత్తు ఎక్కువగా నున్నచో ముక్కు దించి మరల వేగము సంపాదించుకొనవచ్చును. కనుక నడుపువానికి ఎత్తు మూలధనము వంటిది. చేతిలో ధనమున్న వర్తకుడు ఒక బేరమున నష్టపడినను నిలుచును. మొదటి దినముననే అప్పుపై నిలిచినవాడు ఒక్క దెబ్బకే కూలును. నేల విడిచిన తొలిక్షణములలో విమానమునకు వేగమును కొద్ది, ఎత్తును కొద్ది. చేసిన చిన్న పొరపాటును దిద్దుకొనుటకు మూలధనమే లేదు.

ఈ సత్యమును లోకము మిక్కిలి ప్రియమైన వెల యిచ్చి నేర్చుకొన్నది. జర్మనీ దేశమున ఒట్టో లిలియెంథాల్ అను నింజనీరు 1891 మొదలుకొని సుమారు రెండువేల సార్లు కొండవాలులనుండి గ్లైడరుపై ఎగిరెను. 1896 ఆగస్టు 9వ తేదీన గాలి తెర తగిలి ఆయన గ్లైడరు ముక్కు పైకి లేచినది, వేగము నశించినది, సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి ఆయన మరునాడు మరణించెను. 15 మీటర్లనగా ఒక తాటిచెట్టు ఎత్తు. అన్ని వేల గజములు ఎగిరినవానిని తాటిచెట్టంత ఎత్తే బలిగొన్నది.

ఇంగ్లండు దేశపు పెర్సీ పిల్చరు కథ మనకు మరింత బుద్ధి చెప్పును. ఆయన 1899 సెప్టెంబరు 30వ తేదీన కొందరు పెద్దలను పిలిచి తన కొత్త విమానమును చూపదలచెను. దాని యంత్రము చెడినది. వాతావరణమును బాగుగా లేదు. వచ్చిన అతిథులు నిరాశతో పోవుదురేమో యని ఆయన తన పాత గ్లైడరునెక్కి, గుర్రములచే తాడుతో లాగించుకొని పైకి లేచెను. వానకు తడిసిన ఆ గ్లైడరు తోకభాగమున కొయ్య విరిగినది. ఆయన నేలపై బడి రెండు దినములకు మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరములు. ఇందులో గాలి దోషము కొంత, కొయ్య దోషము కొంత. కాని అన్నిటికంటె పెద్దది మొగమాటము. నలుగురు చూచుచున్నారు గదా, నేడు ఎట్లు మానుదును అను తలంపు ఎందరి ప్రాణములు తీసినదో! ఇది విమానములకే గాదు, వాగు పొంగియున్నప్పుడు బండి దించువానికిని, పెండ్లివారు తొందరపెట్టగా రాత్రివేళ లారీ నెక్కువానికిని వర్తించును.

ఇక నేటి గ్లైడర్లు లేచునప్పుడు కలుగు ఆపదలను ఒక్కొక్కటిగా చెప్పెదను.

మొదటిది రెక్క నేలకు తగులుట. గ్లైడరునకు సాధారణముగా మేను క్రింద ఒక్క చక్రమే ముఖ్యము. నిలిచియున్నప్పుడు ఒక రెక్క నేలపై వాలియుండును. కనుక బయలుదేరునప్పుడు ఒకరు రెక్కకొసను పట్టి సమముగా నిలిపి నాలుగడుగులు పరుగెత్తి విడుతురు. మోకు లాగగానే రెండు మూడు క్షణములలో గ్లైడరు మహావేగము నందును. ఆ సమయమున రెక్క గడ్డిలో చిక్కుకొన్నచో గ్లైడరు బొంగరమువలె తిరిగి పల్టీ కొట్టును. దీనికి మందు ఒక్కటే. రెక్కను సమముగా నిలుపలేనని తోచిన తక్షణమే కొక్కెమును విడువవలెను. అందులకే నడుపువాని ఎడమచేయి ఆరంభమునుండియు కొక్కెపు పిడిపైననే యుండవలెనని నియమము. తరువాత పట్టుకొందము అనుకొన్నచో ఆ తరువాత అనునది రాదు.

రెండవది తొందరగా ముక్కెత్తుట. మోకు బలముగా లాగుచున్నది గదా యని చాలిన వేగము రాకమునుపే నిటారుగా లేచినచో రెక్క మోయుట మానును. నేలకు అతిసమీపమున తిరగబడిన విమానమును దిద్దుట మానవసాధ్యము గాదు.

మూడవది మోకు తెగుట. మోటకొట్టిన పెద్దలకు ఈ సంగతి వివరింపనక్కరలేదు. బొక్కెన నిండుగా పైకి వచ్చుచుండగా తాడు తెగినచో ఎద్దులు ముందునకు తూలును, బొక్కెన బావిలో పడును. లాగు బలము ఒక్కసారి పోయినపుడు మోకుపై ఆధారపడిన ప్రతివస్తువు గతియు ఇంతే. గ్లైడరు ముక్కు ఆకాశమును చూచుచుండగా మోకు తెగినచో వేగము క్షణములో హరించును. అప్పుడు వెంటనే ముక్కు దించి, వేగము మరల వచ్చినదని చూచుకొని, ఎదుట మైదానమున్నచో తిన్నగా దిగవలెను. బయలుదేరిన చోటికే మరలిపోవుదమని తక్కువ ఎత్తున మలుపు తిప్పినవారు పెక్కురు ప్రాణములు కోల్పోయిరి. ఇంటివైపు మనసు లాగుట సహజమే; కాని ఆ క్షణమున ఎదుటనున్న నేలయే ఇల్లు.

నాల్గవది విమానము వెనుక లాగించుకొనునప్పటిది. వెనుకనున్న గ్లైడరు అదుపుతప్పి మిక్కిలి పైకి లేచినచో తాడు ముందరి విమానపు తోకను పైకి లాగును. దాని ముక్కు నేలవైపు తిరుగును. తప్పు వెనుకవానిది, మరణము ముందరివానిది. అందుచేత ముందరి విమానము కంటికి కనబడకపోయిన తక్షణమే గ్లైడరులోనివాడు తాడు విడువవలెను.

అయిదవది నేలపైననే జరుగు ఏమరుపాటు. గ్లైడరును విప్పి బండిలో పెట్టి తెచ్చి మరల బిగింతురు. బిగించునప్పుడు తోకను కదల్చు కడ్డీ తగిలింపబడకపోవచ్చును. రెక్కలపై వేగము తగ్గించు పలకలు మూసి బిగింపబడకపోవచ్చును. తలపైనున్న అద్దపుమూత గొళ్లెము పడకపోవచ్చును. ఇవన్నియు నేలపై కన్నుతో చూచి, చేతితో కదల్చి తెలిసికొనదగినవి. ఒకడు లోపల పిడి కదల్చగా మరియొకడు బయట ఆ పలకను చేతితో అడ్డగించి, నిజముగా బలము వచ్చుచున్నదా యని చూడవలెను. నడుపువాడు ప్రతిసారియు పట్టిక వరుసగా చదువవలెను. వేయిసార్లు ఎగిరినవాడును వేయిన్నొకటవసారి చదువవలెను. వేదము కంఠస్థమైన ఘనపాఠి సైతము స్వరము తప్పకుండ మరల మరల వల్లించును గదా. పునశ్చరణము అజ్ఞానమునకు గుర్తు కాదు, శ్రద్ధకు గుర్తు.

మంచి మైదానములలో ఇంకొక ధర్మము కలదు. బయలుదేరునప్పుడు ఏ లోపము కనబడినను అక్కడ నున్న ఎవరైనను ఆపుడు అని కేక వేయవచ్చును. కేక వేసినవాడు శిష్యుడైనను, కూలివాడైనను, గురువు తక్షణమే ఆపవలెను. పిదపనే కారణ మడుగవలెను. వట్టి భయముతో కేక వేసితివేమని మందలింపరాదు. మందలించినచో మరునాడు నిజముగా లోపము చూచినవాడును నోరు మూసికొనును. ఇట్టి శిక్షణవలన ఫలము కలదా యని అడుగుదురేమో. బ్రిటిషు గ్లైడింగు సంఘమువారు 2005లో మోకుతో లేచు పద్ధతిపై ప్రత్యేకమైన జాగ్రత్తలబోధ ఆరంభించిరి. రెక్క నిలువనిచో విడువుము, మెల్లగా ముక్కెత్తుము, మోకు తెగిన ముందు ముక్కు దించుము అను నిట్టి కొలది సూత్రములనే ఊరూర బోధించిరి. పిమ్మట ఆ దేశమున ఇట్టి ఘోరప్రమాదములు స్పష్టముగా తగ్గినవి. కొత్త యంత్రమేదియు కనిపెట్టలేదు. పాత మాటలనే అందరిచేతను ఆచరింపజేసిరి.

ఇంతవరకు చెప్పినది ఎగురువారి ధర్మము. ఇక క్రిందనున్న మన ధర్మము చూతము.

2020 అక్టోబరు 4వ తేదీన కొచ్చిలో నౌకాదళ స్థావరమునుండి శిక్షణకై లేచిన యంత్రపు గ్లైడరు వంతెన సమీపమున కూలి ఇద్దరు నావికులు మరణించిరి. 2023 మార్చి 23న ధన్‌బాదులో బర్వడ్డా మైదానమునుండి లేచిన గ్లైడరు కొలదిసేపటికే ఒక ఇంటికి తగిలి, నడుపువాడును, చూడవచ్చిన 14 ఏండ్ల బాలుడును తీవ్రముగా గాయపడిరి. మన ప్రాంతమునందును విమానములు కూలినవి. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళ విమానమొకటి బోయినపల్లిలో ఇండ్లనడుమ కూలి ఇద్దరధికారులు మరణించిరి, క్రిందివారును గాయపడిరి. 2023 డిసెంబరు 4న దుండిగల్లునుండి లేచిన శిక్షణవిమానము తూప్రాను మండలము రావెల్లి వద్ద కూలి, నేర్పువాడును నేర్చువాడును కలిసి మరణించిరి. జీవితమంతయు బడిలో గడపిన నాకు ఆ గురుశిష్యుల వార్త మరువరానిది. ఈ కడపటి రెండును లేచునప్పటి ప్రమాదములు కావు. అయినను ఆకాశమునకును ఊరికిని గల సంబంధమును చూపుచున్నవి.

గ్రామమువారు చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది చెత్త. మాంసపు వ్యర్థములను, కుళ్లిన పదార్థములను ఆరుబయట పారవేసినచో గద్దలు, కాకులు గుంపులుగా చేరును. లేచుచున్న విమానమునకు పక్షి తగులుట రాయి తగులుటయే. 1937 నాటి విమాన నియమావళి 91వ నియమము విమానక్షేత్రమునకు పది కిలోమీటర్లలోపల ఆరుబయట జంతువులను వధించి చర్మమొలుచుటను, చెత్తను పారవేయుటను నిషేధించినది. మా ఊరు రెండు క్షేత్రములకును ఆ దూరములోపలనే యున్నది. కనుక మన వీథిచివరి చెత్తకుప్ప కేవలము మన ముక్కునకు సంబంధించినది మాత్రమే కాదు. పైన నేర్చుకొనుచున్న పరుల బిడ్డ ప్రాణమునకు సంబంధించినది.

రెండవది మైదానపు హద్దు. పశువులను మేపుటకు కంచె తొలగించి లోపలికి తోలరాదు. అడ్డదారి యని విమానపు బాటపై నడువరాదు. గ్లైడరు మైదానమున నేలపై పరచిన మోకు చచ్చిన పామువలె పడియుండును. కాని ఏ క్షణమున కదలునో తెలియదు. దానిని దాటరాదు, తాకరాదు. పైన విడిచిన మోకు కొస చిన్న గొడుగుతో క్రిందికి పడును. పిల్లలు దానికై పరుగెత్తరాదు. సంక్రాంతి గాలిపటములను, పెండ్లిండ్లలో ఎగురవేయు డ్రోనులను విమానములు లేచు దిగు దారులకు దూరముగా నుంచవలెను.

మూడవది, మన చెలకలో విమానము దిగినచో ఏమి చేయవలెను? గ్లైడరు పొలములో దిగుట ఎల్లప్పుడు ప్రమాదము కాదు. గాలి చాలనప్పుడు చదునైన పొలమున దిగుట వారి విద్యలోని భాగమే. అతనికి మంచినీళ్లిచ్చి, గుంపు రెక్కలపై చేయి వేయకుండ పెద్దలు అడ్డుకొనవలెను. నిజముగా కూలినచో 112కు వార్త పంపవలెను. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు. నిప్పు అంటుకొన్నప్పుడు తప్ప గాయపడినవానిని ఈడ్వరాదు; మెడ, వెన్ను కదలినచో బ్రతుకువాడును అవిటివాడగును. కొన్ని శిక్షణవిమానములలో కూర్చుండు పీటక్రింద మందుగుండు ఉండును. ఆపదలో అది మనిషిని పైకి విసరుటకు అమర్చినది. పసుపు నలుపు చారల పిడి కనబడినచో దానిని ముట్టరాదు. విరిగిన తునకలను జ్ఞాపకార్థమని ఇంటికి కొనిపోరాదు. ఆ తునకయే కారణము చెప్పు సాక్షి కావచ్చును. కారణము తెలిసిననే మరియొక తల్లి కడుపుకోత తప్పును.

పెద్దలారా! ఆలస్యము అమృతమును విషము చేయునని మన సామెత. నేల విడుచు ముహూర్తమున మాత్రము ఆలస్యమే అమృతము. గాలి బాగులేదని, తాడు పాతదని, గొళ్లెము సరిగా పడలేదని ఒక పూట మానినవానిని చూచి నవ్వకుడు. పిరికివాడనకుడు. మీ ఇంటి బాలుడు అట్లు మానివచ్చినచో వానిని మెచ్చుకొనుడు, నలుగురిలో మెచ్చుకొనుడు. ఎగురుటకు ధైర్యము కావలెను. నేడు ఎగురను అని చెప్పుటకు అంతకంటె హెచ్చు ధైర్యము కావలెను. ఆ రెండవ ధైర్యమును నేర్పు బడి మైదానము గాదు. ఇల్లు, ఊరు, పెద్దల నోటి మాట.